నాంచారమ్మ పట్టిన జడ

మబ్బుల మాలిన్యమెల్ల కడుగబడి నీలిరాతిపలకవలె నిగనిగలాడు నింగికి పడమటికొసను క్రుంకుచున్న కుంకుమవర్ణ భాస్కరుడును తూర్పుకొసను ఉప్పునీట మునిగి పైకి లేచుచున్న పాలవన్నె చంద్రుడును ఒకరినొకరు తొంగిచూచుకొను కార్తికపూర్ణిమా సాయంసంధ్యావేళ బందరు సముద్రతీరము జనసమ్మర్దముచే రెండవ సముద్రమై ఘోషించుచుండెను. ఇది మన మునిమనుమలు చూడబోవు కాలపు కథ.

ఆ కాలమున మీట నొక్కినంతనే ఎవ్వరైనను ఏ రూపమునైనను వెలుగుతో నల్లి మేనికి కప్పుకొనగలరు. కూరలకు పోవు ముదుసలి సైతము అప్సరసయై పోయి బేరమాడి వచ్చును. ఇంత సులువైన పిదప వేషమునకు విలువ యేమి మిగులునని పెద్దలు పెదవి విరిచిరి గాని జరిగినది వేరు. మీట లేక యంత్రము లేక ముఖమునకు రంగు పూసి కన్నులకు కాటుక తీర్చి నడకను చెక్కి చూపును సానబట్టి పురుషుడు స్త్రీయగుటయు స్త్రీ పురుషుడగుటయు ఎంతటి తపస్సో లోకమున కప్పుడే తెలిసివచ్చెను. ఒకప్పుడు వేషగాండ్రను వెక్కిరించిన వీథులే ఇప్పుడు వారు నడచి వచ్చునప్పుడు పూలు చల్లుచుండెను.

ఆనాటి ఉత్సవమున ఒడ్డు నానుకొని అలలపై తేలు రంగస్థలమున సత్యభామ వేషము దాల్చినవాడు కోదండపాణి. వాని తల్లి నాంచారమ్మ చిలకలపూడిలో గిల్టునగలకు మెరుగు పెట్టి జీవించునది. బడిలో నాలుగక్షరములు మాత్రమే నేర్చిన ఆ యిల్లాలు కీడెంచి మేలెంచుమను సామెతలోను మొదటిసగమే నేర్చినది. రంగము మునుగునేమో గజ్జెలు తెగునేమో చప్పట్లకు బదులు చెప్పులు పడునేమో యని కుమిలి ఈ యాట యెప్పుడు ముగియునా బిడ్డ యెప్పుడింటికి వచ్చి కనులయెదుట నుండునా యని ఆమె మ్రొక్కని వేల్పు లేడు.

భామవేషమున కొక కఠినమైన ఆనవాయితీ గలదు. ప్రవేశమునకు ముందు తెరచాటున నిలిచి భామ తన జడను తెరపైనుండి సభవైపునకు విసరును. నన్ను మించువారుండిన పట్టుకొనుడని దాని భావము. పట్టినవారు వేదికనెక్కి ఒక ప్రశ్న వేయుదురు. మద్దెల ఆగులోపల భామ వేషము చెడకుండ బదులు పలుకలేకున్న జడ కత్తిరింపబడును. ఆ వేషధారి మరి యెన్నడును వేషము కట్టరాదు. బదులు పలికినచో పట్టినవారే ఆ మేళమున చేరవలయును. తక్కిన యలంకారము వెలుగుతో నల్లినను ఒప్పుకొందురు గాని జడ మాత్రము నిజమైన కురులది కావలయును. చేతికి చిక్కని జడ సవాలెట్లగును?

ఉదయమున ఆ జడ నల్లినది నాంచారమ్మయే. తన సవరమునే కొడుకు కురులకు ముడివేసినది. అన్నము ముట్టక వాడు తొందరపెట్టగా ఆ ముడి వదులుగా పడినదని ఆమె కనుమానము. వాడు తినని పెరుగన్నమును గిన్నెలో పెట్టుకొని ముందువరుసలో కూర్చుండి యామె వణకుచుండెను.

"కాస్త స్థిమితంగా కూర్చో వదినా. నీతోపాటు నా కుర్చీ కూడా ఊగుతోంది" అనెను ప్రక్కనున్న పొరుగింటి మస్తానమ్మ.

"ముడి సరిగ్గా పడలేదే. ఇంతమందిలో జడ ఊడిపడితే నా బిడ్డ పరువేం కాను?"

"ఊడితే మళ్ళీ పెట్టుకుంటాడు. తల ఊడదుగా."

అంతలో మద్దెల మ్రోగెను. నాగరములును చామంతులును తాపడము చేసిన జడ తెరపైనుండి జర్రున జారెను. పేరుపొందిన వేషధారులెందరో సభలో నుండియు నొక్కడును కదలలేదు. నాంచారమ్మ కన్నులకు మాత్రము జడ కాక ముడియే కనబడెను. అది జారుచున్నది. ఒక్క పరుగున పోయి రెండుచేతులతో జడను గట్టిగా పట్టుకొనెను.

సభ యెల్ల హోరెత్తెను.

"పట్టిన వారు పైకి రావాలి" అనెను సూత్రధారిణి భ్రమరాంబ.

"పట్టలేదమ్మా నేను. ముడి బిగిద్దామనీ..."

"పట్టిన చెయ్యి పట్టినట్టే తల్లీ. రండి."

తెరవెనుకనుండి సన్నని గొంతు వినవచ్చెను. "అమ్మా, నువ్వా?"

భామ నెదుర్కొనువారు స్త్రీయైనచో పురుషవేషమున నిలువవలయును గావున భ్రమరాంబ ఆమె పెదవిపై కాటుకతో మీసము దిద్ది తలకు పాగా చుట్టెను. "వదినా, అచ్చం మీ నాన్న దిగొచ్చినట్టున్నాడు" అని మస్తానమ్మ కేకవేయగా తీరమెల్ల పకపక నవ్వెను.

తెర తొలగెను. వెన్నెలలో నిలువెల్ల గర్వమై నిలిచిన ఆ మూర్తిని నాంచారమ్మ తలయెత్తి చూచెను. తాను కన్న కొడుకే. అయినను ఆ మెడవంపు ఏ తల్లి కడుపునను పుట్టినది కాదు. ప్రక్కన వెండిపళ్లెరములో కత్తెర మెరయుచుండెను. ఒక్క చిక్కుప్రశ్న వేసినచో రేపే బిడ్డ యింటికి వచ్చును. ఇన్నాళ్ల మ్రొక్కు చేతికందినది. కాని తలపు లన్నియు చెదరి యెదుటనున్న బిడ్డ ఆకలికి లోతుకు పోయిన కడుపే కనబడగా ఆమె నోట వచ్చిన మాట ఇది.

"అన్నం తిన్నావా?"

సభ నవ్వెను. భ్రమరాంబ నవ్వలేదు. కోదండపాణి తాళమడిగిన చెప్పగలడు శృంగారమడిగిన చెప్పగలడు. దీనికేమి చెప్పును? లేదనిన వేషము చెడి కొడుకగును. తింటిననిన తల్లియెదుట కల్లయగును. మద్దెల మందగించుచుండెను. చేజేతుల బిడ్డ విద్యను గొంతు నులిమితినే యని నాంచారమ్మ ఇన్నాళ్లు ఈ యాట ముగింపుమని మ్రొక్కిన వేల్పులకే గెలిపింపుమని మ్రొక్కసాగెను.

భామ జడను మెల్లగా ముందునకు వేసికొని కొనకంట నామెను చూచి మోము త్రిప్పుకొనెను.

"ఇప్పుడా అడగడం స్వామీ? పొద్దుటినుంచి విస్తరి ముందు మీకోసమే అలిగి కూర్చున్నా. మీ చేత్తో కలిపిన ముద్దయితే తింటాను. లేకపోతే లేదు."

నాంచారమ్మ సభను మరచెను మీసమును మరచెను. గిన్నె తెచ్చి ముద్ద కలిపి నోటికందించెను. కాటుకమీసపు కృష్ణుడు కన్నీరు కార్చుచు అలిగిన సత్యభామకు పెరుగన్నము తినిపించుచుండ మద్దెల ఫెళ్లున ముక్తాయించెను. వేలచేతుల చప్పట్లకు అలల హోరు వినబడకపోయెను. కత్తెరపై గుడ్డ కప్పబడెను.

"ఓడారు. ఇక మా మేళంలో మనిషే మీరు" అనెను భ్రమరాంబ.

నాంచారమ్మ మీసమును తడిమి చూచుకొని భయముతో నడిగెను. "చెమటకి ఇది కారిపోతే ఎట్లాగమ్మా?"

నాటినుండి కొడుకు ప్రవేశించు ప్రతి వేదికపైనను తెరచాటున పాగా చుట్టిన యొక మీసాలమనిషి జడముడిని మరియొకసారి బిగించి చూచుచుండును. తల్లి భయము తీరునది కాదు. అది తెరముందు కూర్చున్నచో చేయి వణకించును. తెరవెనుక నిలిచినచో ముడి బిగించును.