ట్రంపెట్లు ఆగాక

నా ఎడమ చెంప ఎనిమిదేళ్లుగా నా మాట వినడం లేదు. పక్షవాతం ముఖం వరకే వచ్చి ఆగింది. అంతకుముందు భవానీపురంలో జక్కయ్య బ్యాండులో నేను ముందు వరుస క్లారినెట్‌ని. పెదవి మూల బిగియక గాలి బయటికి పోతుంటే, జక్కయ్య నన్ను వెనక్కి పంపి, వాయించమని చేతికి తాళాలిచ్చాడు.

2007లో నా భార్య అమలమ్మ పటమటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను సూదులతో నా చెంపలోకి ఎక్కించాడాయన. "గ్యారంటీ ఇవ్వలేనండీ, ఇది ఇంకా పరిశోధనే" అని ముందే చెప్పాడు.

అమలమ్మ రోజూ నా ముఖాన్ని వెలుతురులోకి తిప్పి "ఏదీ, నవ్వండి" అనేది. నాకు కావలసింది నవ్వు కాదు. పెదవి మూల కాస్త బిగిస్తే చాలు. కొన్ని నెలలకు, గడ్డం గీసుకుంటుంటే అక్కడేదో చిన్నగా లాగింది. అది కణాల వల్లో, నేను చాటుగా చేస్తున్న సాధన వల్లో డాక్టరూ తేల్చలేకపోయాడు.

రిహార్సలుకు వెళ్లి జక్కయ్యను క్లారినెట్ అడిగాను.

"పాట మొత్తం లాగితే ముందు వరుస నీదేరా శౌరయ్యా."

"లాగలేకపోతే?"

"తాళాలు ఎక్కడికీ పోలేదుగా!"

అందరూ నవ్వారు. నేనూ సగం నవ్వాను.

పల్లవిలోనే గాలి బుస్సుమంది. వెంటనే ట్రంపెట్లు లేచాయి. బ్యాండులో అదొక మర్యాద. ఊరేగింపులో ఒకడు తడబడితే మిగతావాళ్లు గట్టిగా ఊది, పెళ్లివారికి తెలియకుండా కప్పేస్తారు. నేనూ ఎందరినో అలా కాపాడాను. కానీ ఆ మోతలో నా వాయింపు నాకే వినపడలేదు. ఎదుటివాళ్లు చూపు తిప్పుకోవడం, చుట్టాల ముందు నా బదులు అమలమ్మే మాట్లాడటం, అంతా ఈ మోతేననిపించింది. అంతా ప్రేమే.

క్లారినెట్ దించాను.

"ఆపండహే! నన్ను కప్పెట్టొద్దు."

"నీకోసమే ఊదాం శౌరన్నా," అన్నాడు ట్రంపెట్ ఊదే సాహెబ్, నొచ్చుకుని.

"తెలుసురా. ఈసారి నేనొక్కణ్ణే."

మళ్లీ మొదలుపెట్టాను. బుస పోలేదు, పాట పొడుగునా వెంట నడిచింది. పైస్థాయిలో పెదవి మూల వణికింది కానీ వదల్లేదు. చివరి స్వరాన్ని కావాలనే ఇంకాస్త సేపు పట్టుకున్నాను.

జక్కయ్య గొంతు సవరించుకున్నాడు. "గాలి పోతోందిరా."

"పోనీ. పాట పూర్తయిందిగా."

"అయిందిలే. ఎల్లుండి ఉయ్యూరులో పెళ్లి. యూనిఫాం ఇస్త్రీ చేయించుకో. ఆ చెంప కనపడకుండా ఏ పక్కన నిలబడతావ్?"

"మధ్యలో. వీడియోవాడు ఎటునుంచి తీసుకున్నా సరే."