రొట్టెలంటే ప్రాణం

రొట్టెలకి పిండి కలుపుతుంటే వెనకనుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "నా కొడుక్కి రొట్టె దిగదు, నాకు పళ్ళు లేవు. మా ఇద్దరికీ ఎసట్లో బియ్యం పొయ్యి." ఇంట్లో ఉన్న మూడో మనిషిని నేనే కనక ఆ మాట అక్కడితో పూర్తయింది.

అది డెబ్భై నాలుగు వేసవి. స్టీలు ప్లాంటు సెక్టర్ 7 క్వార్టర్లకి బియ్యం గంప నెత్తిన పెట్టుకొచ్చే ఫూల్‌బాయి రావడం మానేసింది. వాళ్ళ ఊళ్ళో స్ఫోటకం. ఊరు దాటి ఎవర్నీ రానివ్వడం లేదు, సంత కూడా మూసేశారు. దుకాణంలో బియ్యం ధర రెట్టింపైంది. రేషన్లో బియ్యం సగం కోసేసి, బదులుగా ఓడల్లో వచ్చిన గోధుమ ఇస్తున్నారు. ఈయన ఇంటి ఖర్చుకిచ్చేది మాత్రం పెరగలేదు. "ఎలాగో సర్దు కుమారీ, నీకు తెలీందేటుంది?" అన్నారు. మెచ్చుకోలనుకుని కాసేపు సంతోషపడ్డాను కూడా.

ఆ సర్దుబాటు నా కంచంలో జరిగింది. ఒక పూట బియ్యం తక్కువ పోసి నేను రొట్టె తిన్నాను. మర్నాడూ తిన్నాను. ఆ తరవాత అదే అలవాటైంది. పొట్ట నిండేది, కానీ ఇంకా భోజనం చెయ్యలేదన్న దిగులు సాయంత్రం దాకా వదిలేది కాదు. గంజి వార్చేటప్పుడు ఆ ఆవిరికి ముఖం ఎదురుపెట్టి నిలబడేదాన్ని. ఒకసారి అత్తమ్మ చూసి, "ఏటమ్మా, నిలబడి కునుకుతన్నావా?" అంది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు ఉలిక్కిపడ్డాను. నేను వండిన అన్నం మీద నాకు ఆశ పుట్టడమేమిటని సిగ్గేసింది. ఆకలికన్నా ఆ సిగ్గే నన్ను ఎక్కువ విసిగించింది.

ఆదివారం ఈయనతో మిల్లులో పనిచేసే త్రినాథరావు భోజనానికొచ్చాడు. ముగ్గురికీ వడ్డించాను. ఈయన చారన్నం కలుపుకుంటూ ప్రపంచాన్ని వివరిస్తున్నారు.

"రూపాయిని పౌండుకి కట్టీసారా, ఆ పౌండే పడిపోతంది. డాలరుకి ఎక్కువ రూపాయలు పొయ్యాల. గోధుమలేమో డాలర్లకే వస్తాయి. ఇక్కడ చూస్తే బియ్యం ఊరు దాటనివ్వరు. మరి ధర పెరగదేటి?"

"అన్నీ నీకే తెల్సన్నా!" త్రినాథరావు నవ్వి, గూట్లో ఉన్న పళ్ళెం చూశాడు. "ఆ రొట్టెలెవరికొదినా?"

నేను నోరు తెరిచేలోగా ఈయనే చెప్పారు. "ఆవిడకేరా. మొదట్నుంచీ రొట్టెలంటే ప్రాణం."

"మరే. అన్నం ముట్టదు," అంది అత్తమ్మ.

వెటకారమేమోనని ఆయన మొహం చూశాను. కాదు. నిజంగానే నమ్ముతున్నారు. అబద్ధమాడితే కోప్పడి ఉండేదాన్ని. నేను త్యాగమనుకున్నది ఎవరికీ కనబడనేలేదు, అది నా రుచి అయిపోయింది. ఇంకొన్నాళ్ళు పోతే నేనూ నమ్మేస్తాను. అప్పుడు ఊళ్ళ దారులు తెరిచినా, బియ్యం చవకైనా, నా కంచంలోకి అన్నం రాదు.

కంచం తెచ్చుకుని వాళ్ళ వరసలోనే కూర్చున్నాను. మారు వడ్డించడానికి ఉంచిన అన్నమంతా నాకు పెట్టుకున్నాను.

ఈయన ఖాళీ గిన్నె వంక, నా వంక చూశారు. "ఏటిది కుమారీ? మరి నాకు పెరుగులోకి?"

రొట్టెల పళ్ళెం ఆయన ముందుకి జరిపాను.

"కొన్నాళ్ళు తినండి. మీకు రొట్టెలంటే ప్రాణమని అందరికీ నేనే చెప్తాను."