పదిహేడు, ఎడమ

కెటిల్ మూతి మీద షటిల్ కాక్‌ల డబ్బా పట్టుకుని నిలబడింది కుసుమకుమారి. ఆవిరి పడితే ఈకలు తొందరగా విరగవు. పది సెకన్లు చాలు. పదయ్యాయా? అసలీ డబ్బాకి ఇందాకే పట్టించిందా? ఈకలు తడిమి చూసింది. మెత్తబడి, వేళ్లకి అంటుకున్నాయి. ఇది రెండోసారి. మూడోసారేమో కూడా.

మొన్న బస్సులో గాజువాక దాటిపోయి దువ్వాడలో దిగింది. ముప్ఫై ఏళ్లుగా గాజువాకలోనే ఉంటోంది.

"కాక్‌లకి తలంటు పోత్తన్నారేటి మేడమ్?" హాలు ఊడుస్తూ వరహాలు అన్నాడు.

ఆమె గబగబా నవ్వేసింది. ఈమధ్య అందరికంటే ముందు నవ్వడం అలవాటు చేసుకుంది.

శనివారం కోచ్‌లిద్దరూ శిష్యురాళ్ల జంటతో ఆడతారు. ఒకరు కుసుమ, రెండో కోచ్ గంగాభవాని. ఇరవై రెండేళ్లు ఇద్దరూ డబుల్స్ జోడీ. నెట్ దగ్గర కుసుమ, వెనక గంగ. ముందున్నది వెనక్కి తిరగకూడదు, కాక్ కంట్లో తగులుతుంది. కుసుమ ఒక్కసారీ తిరగలేదు. వెనక గంగ ఉంటుంది, అంతే.

ఇవాళ స్కోరు పదిహేడు, పదిహేను. సర్వీసు కుసుమది.

స్కోరు సరిసంఖ్య అయితే కుడివైపు నుంచి, బేసి అయితే ఎడమవైపు నుంచి వెయ్యాలి. పిల్లలకి ఆమె మొదటిరోజే నేర్పే పాఠం. ఇప్పుడది చేతిపట్టీ లోపల బాల్‌పెన్నుతో రాసుకుంది. చెమట తుడుచుకుంటున్నట్టు పట్టీ మడిచి చూసింది. అక్షరాల్లేవు. నీలం మరక ఉంది.

కుడివైపు నిలబడింది.

అవతల అమ్మాయిలు మొహాలు చూసుకున్నారు. ఒకతె కిసుక్కుమంది. కుసుమ మొదటిసారి వెనక్కి తిరిగింది. గంగ మొహంలో ఆశ్చర్యం లేదు. అందుకే భయమేసింది.

"పదిహేడు. ఎడమకి రావే," అంది గంగ మెల్లగా.

ఆట ముగిసింది. కుసుమ తడిసిన పట్టీ తీసి నెట్ స్తంభానికి తగిలించింది. పిల్లలు మంచినీళ్లకి వెళ్లారు.

"నెల్లాళ్లయి సూత్తన్నాను," అంది గంగ.

"ఎవులికీ సెప్పకే. ఈ హాలు లేకపోతే నానేటి సేత్తాను?"

"సెప్పలేదు. నిన్నటిదీ సెప్పలేదు."

"నిన్నేటయింది?"

గంగ నేల చూసింది. "మన పిల్లల్లో ఓ చిన్నది బట్టల గదిలో ఉండగా హాలుకి తాళమేసి ఎల్లిపోనావు. గంటసేపు తలుపు బాదిందట. మరిసిపోయిన నా ఫోన్ కోసం వొచ్చి, నా కాడున్న రెండో తాళంచెవితో తీసాను."

కుసుమ గుర్తు తెచ్చుకోబోయింది. తాళం. మెట్లు. సాయంత్రపు ఎండ. ఏదీ లేదు. తెల్లగా సున్నం వేసిన గోడలా ఉంది నిన్నటి సాయంత్రం. నెలరోజులుగా తన మరుపు ఎవరైనా కనిపెడతారని భయపడింది. ఇప్పుడా భయం చాలా చిన్నదైపోయింది.

"నువ్వు ఫోన్ మరిసిపోకపోతే?"



కుసుమ జేబులోంచి హాలు తాళంచెవి తీసి గంగ అరచేతిలో పెట్టింది. ఆ గుప్పిట తనే మూసింది.

"రేపట్నుంచి నాను రాను. ఇంటికాడ దింపీవే. దారి..." ఆగిపోయింది.

"నువ్వు ముందు నడు. నానెనకాల ఉంటాను."

కుసుమ గుమ్మం దాటింది. వెనక్కి తిరగలేదు.

నెట్ స్తంభం మీద చేతిపట్టీ వేలాడుతోంది. నీలం మరక ఇంకా ఆరలేదు.