నిలబడ్డ పీరు

హజ్రా బీ అద్దాల బీరువా ముందు నేల మీద చతికిలబడింది. పీరును పడుకోబెట్టేదాకా తనను అక్కణ్ణించి కదిలించడం ఎవరి తరమూ కాదని తెగేసి చెప్పింది.

"లేమ్మా బూబమ్మా, నీకు దణ్ణం పెడతా! అయ్యగారొచ్చి చూశారంటే నా ఉద్యోగం ఊడుద్ది," అన్నాడు జవాను యల్లమంద, గుమ్మం వైపు దిక్కులు చూస్తూ.

"ఊడితే ఊడనీ. అక్కడ నా మొగుడి ప్రాణం ఊడక కొట్టుకుంటా ఉంది," అంది హజ్రా బీ.

అది నరసరావుపేటలో కొత్తగా వెలిసిన మ్యూజియం. ఒక షావుకారు వదిలేసిన బంగళాలో పెట్టారు. జనానికి ఆ ఇంగ్లీషు మాట నోరు తిరక్క, వింతల బంగళా అని పేరు పెట్టేశారు. నల్లమలలో కొట్టిన చిరుతపులికి గడ్డి కూరి నిలబెట్టారు. సీసాల్లో పాములున్నాయి. అమరావతి దిక్కు నుంచి బండ్ల మీద తెచ్చిన చెక్కడాల రాళ్ళున్నాయి. వాటన్నిటి మధ్యా అద్దాల బీరువాలో, వెదురు కర్ర మీద, అరచేయి ఆకారంలో వెండి పీరు. పులిని చూసి కెవ్వుమన్న ఆడవాళ్ళు కూడా పీరు దగ్గరికొచ్చేసరికి చేతులు జోడించి పోయేవాళ్ళు.

ఆ పీరు అక్కడికి దూరంగా ఉన్న ఒక పల్లెది, దానికి ముజావరు హజ్రా బీ భర్త గులాం మొహిద్దీన్. అంటే, పీర్ల పండక్కి దాన్ని సావిడిలో నిలబెట్టేదీ, పదోనాడు వాగులో కడిగి తెల్లగుడ్డలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టేదీ ఆయనే. తాతల నాటి పని. కిందటేడు గాలివానకు సావిడి కాస్తా కూలింది. మా దగ్గర భద్రంగా ఉంటుందని మ్యూజియం అధికారి త్రికోటేశ్వరరావు అడిగితే, పండగ కాగానే పెట్టెతో సహా అప్పగించాడు. పెట్టెలోనే ఉంచుతారనుకున్నాడు, పిచ్చి మహారాజు! తీరా ఒకనాడు చూడబోతే అది బీరువాలో నిటారుగా నిలబడి ఉంది. పదోనాడు దాటాక పీరు నిలబడే ఉంటే ముజావరుకు ఇహాన నిద్రా ఉండదు, పరానికి దారీ ఉండదని ఆ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఆయన ఇంటికొచ్చి మంచమెక్కాడు, మళ్ళీ దిగలేదు.

ఇప్పుడు హకీం చేతులెత్తేశాడు. గుక్కెడు నీళ్ళు దిగవు. ఊపిరి ఎగపోస్తుందే గానీ పోదు. ఆ బాధ పగవాడిక్కూడా వద్దు. "అది పడుకుంటే గానీ నేను పడుకోను హజ్రా, పోయి పడుకోబెట్టు," అని అతి కష్టం మీద అన్నాడు. కూతురు జమీలాను ఆయన దగ్గర కూర్చోబెట్టి, బొగ్గు బస్సెక్కి పడుతూ లేస్తూ వచ్చింది. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సది. తిరిగి ఎప్పుడు కదులుతుందో, అసలు కదులుతుందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

చెప్పుల చప్పుడయింది. యల్లమంద గోడవారకు జరిగి నిలబడ్డాడు.

"ఏమిటిది? ఎవరీమె?" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"ముజావరు పెళ్ళాన్నయ్యా. పీరును పడుకోబెట్టండి."

"నీకేమన్నా మతిపోయిందా? పులి పక్కన ఏదో మూల పెట్టకుండా, నట్టనడి గదిలో, అందరికీ కనబడేట్టు నిలబెట్టాను. అంతకంటే ఏం మర్యాద చెయ్యను? పడుకోబెడితే అవమానం కాదూ?"

"మీ ఇంటికి చుట్టమొస్తే నట్టింట్లో నిలబెట్టి, ఏడాది పొడుగునా కూర్చోమనరా బాబూ? అదేనా మర్యాద?"

త్రికోటేశ్వరరావుకు ఒళ్ళు మండింది. "లేస్తావా, పోలీసుల్ని పిలిపించనా?"

హజ్రా బీ లేవలేదు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "పిలిపించండయ్యా, జైల్లో పెట్టించండి. ముందు దాన్ని పడుకోబెట్టండి. మా ఆయనకి చావు రావట్లా! బతకమని అడగట్లేదయ్యా, పోనీయమంటన్నా," అని భోరుమంది.

అంతసేపూ ఎగిరిన త్రికోటేశ్వరరావు చప్పున చల్లబడ్డాడు. తనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదని ఏదో గొణిగాడు. తాళం తీశాడు. యల్లమంద గబగబా నూతి నుంచి కడవతో నీళ్ళు తెచ్చాడు, పీరును పైకి తీసి బీరువాకు ఆనించి, కడవ ఎత్తి పట్టుకున్నాడు.

"ఊఁ, చెప్పు బూబమ్మా," అన్నాడు.

ముజావరు ఇంటివాళ్ళ నోటి నుంచి అల్విదా అనే మాట రావాలి. సెలవని దానర్థం. ఆ మాట పడ్డాకే నీళ్ళు పొయ్యాలి, పడుకోబెట్టాలి. ఏటేటా ఆ మాట అనేది గులాం మొహిద్దీనే.

హజ్రా బీ నోరు తెరిచింది. మొదటి అక్షరం అని ఆగింది. పీరు పడుకుంటే ఆయన ఏమవుతాడో తెలియక రాలేదు, తెలిసే వచ్చింది. కానీ ఆ సెలవు తన నోటితోనే చెప్పాలని, అదీ ఇంత దూరాన, గడ్డి కూరిన పులి ఉన్న బంగళాలో చెప్పాలని దారి పొడుగునా ఒక్కసారీ తట్టలేదు. అక్కడ ఆయన తల జమీలా ఒళ్ళో ఉంటుంది. తలుపు చప్పుడైనప్పుడల్లా తన కోసమే చూస్తూ ఉంటాడు.

మాట అనేసిందనుకుని యల్లమంద కడవ వంచబోయాడు.

"ఆగు! ఆగయ్యా, పొయ్యమాక!"

"ఇందాకటి నుంచీ నన్ను నిలబెట్టి కడిగేశావు, ఇప్పుడు వద్దంటావేమిటమ్మా?" అన్నాడు త్రికోటేశ్వరరావు, తెల్లబోయి.

"వద్దనట్లేదు బాబూ. సందె దీపాల వేళకి పడుకోబెట్టండి. అప్పటికి నేను ఇల్లు చేరతా. ఆ మాట ఇక్కడ గాదు, ఆయన చెవిలో చెబుతా."

"బస్సు మధ్యలో ఆగిపోతే?"

"దిగి నడుస్తా, ఉరుకుతా. మీరు మాత్రం సందెకి ముందు పడుకోబెట్టమాకండి. మీకు పుణ్యముంటది, ఆయన్ని ఒక్కణ్ణే పంపమాకండి."

త్రికోటేశ్వరరావు తలూపాడు. హజ్రా బీ కొంగు నెత్తిన కప్పుకుని, ఆ ఎండలో, బస్సు కోసం పరుగెత్తింది.