అరచేతి ఇస్త్రీ

పొద్దున్నే షట్టరెత్తడం, నిన్నటి మూటలు విప్పడం, తెల్లవి ఓ పక్కా రంగువి ఓ పక్కా వెయ్యడం, చొక్కాల మీద నీళ్ళు చిలకరించడం. నలభై ఏళ్ళుగా మడతయ్య రోజు ఇలాగే మొదలవుతుంది. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అతను ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కా అట్టపెట్టెలోంచి అప్పుడే తీసినట్టుంటుందని వీధి పెట్టిన పేరు.

ఈ మధ్య మారిందల్లా ఒక్కటే. నీళ్ళు చిలకరించాక ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టడు. బల్ల ముందు కూర్చుని ఎదురుచూస్తాడు. కాసేపటికి ఛాతీలోంచి వేడి లేస్తుంది, మెడ మీదుగా మొహానికెక్కుతుంది, చెమట ధారలు కడుతుంది. అప్పుడు లేచి, అరచెయ్యి చొక్కా మీద ఆనించి కాలరు నుంచి కిందికి లాగుతాడు. సుయ్యిమని ఆవిరి లేస్తుంది. ముడత పోతుంది.

"మడతయ్యా, నా కాలర్లు చేత్తోనే చెయ్యి. పెట్టెతో చేస్తే మధ్యాహ్నానికే వాలిపోతున్నాయి," అని ఎదురింటి లాయరు పురమాయించాడు. ఉన్ని కోటు తెచ్చినావిడ, "కాస్త తక్కువ వేడి మీద చేస్తావా?" అనడిగితే, "అయితే సాయంత్రం రండి, పొద్దున సెగ జాస్తి," అన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు.

మడతయ్యకు మాత్రం లోలోపల భలే గర్వం. "చూశావటే, నలభై ఏళ్ళ పనితనం ఇన్నాళ్ళకి చేతిలోకి దిగింది," అన్నాడు భార్యతో.

ఊడిన బొత్తాం కుడుతున్న ఆవిడ దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపింది. "దిగుతుంది, దిగుతుంది," అంది.

ఆర్నెల్ల కిందట నడుం నొప్పని ఆస్పత్రికి వెళితే, పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. పొత్తికడుపు అడుగున ప్రోస్టేటనే గ్రంథి ఉంటుందని, అందులో పుట్టిన క్యాన్సరు ఎముకల దాకా పాకిందని, కోసి తీసేసే దశ దాటిపోయిందని చెప్పింది.

"దాని తిండి మగ హార్మోను. ఆ తిండి ఆపుతాం. ముందు కొన్నాళ్ళు మాత్రలు, తరవాత మూణ్ణెల్లకోసారి ఇంజక్షను."

"మగ హార్మోనంటే?"

"గడ్డం, మీసం, కోరిక, అన్నీ దాని పుణ్యమే. ఎక్కువగా వృషణాల్లో తయారవుతుంది. ఇంజక్షను ఆ తయారీని ఆపేస్తుంది."

"మీసం రాలిపోతుందా?" అన్నాడు మడతయ్య మూతి తడుముకుంటూ.

"రాలదు. కోరిక తగ్గుతుంది. ఒంట్లోంచి ఆవిర్లు రావచ్చు, ఛాతీ సలపచ్చు, ఊరికే ఏడుపు రావచ్చు."

"అన్నీ మాకు తెలిసిన చుట్టాలే డాక్టరమ్మా," అంది భార్య. డాక్టరమ్మ నవ్వింది. అందులో నవ్వడానికేముందో మడతయ్యకు తెలియలేదు.

"తిండి ఆపితే అది చచ్చిపోతుందా అమ్మా?"

"ముడుచుకుని పడుకుంటుంది."

"పడుకుంటుందా, చచ్చిపోతుందా?"

"పడుకుంటుంది. ఎన్నాళ్ళన్నది ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కోలా ఉంటుంది."

ఆ మాట దగ్గరే అతని బుర్ర ఆగిపోయింది. అతనికి తెలిసిన మరకలు రెండు రకాలే, పోయేవీ పోనివీ. పడుకునే మరకని నలభై ఏళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

రెండు ఇంజక్షన్లయ్యాయి. నడుం నొప్పి తగ్గింది. క్యాన్సరు జోరు చెప్పే రక్తపరీక్షలో తొంభై ఆరున్న అంకె సున్నా పాయింటు రెండుకి దిగింది. "చాలా బాగుంది," అంది డాక్టరమ్మ. "బాగుంది కదా, ఇంక ఆపేద్దామా?" అంటే, "బాగుంది కాబట్టే ఆపకూడదు," అంది. బాగుంటే మందెందుకు? ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. అద్దంలో చూసుకుంటే మీసం ఉంది, దాని వెనకున్న మనిషెవరో తెలియట్లేదు. పసిపిల్ల గౌను మడతపెడుతూ వలవలా ఏడ్చేశాడు ఓ రోజు. ఎందుకేడ్చాడో గౌనుకీ తెలియదు, అతనికీ తెలియదు.

చివరికి తనకొచ్చిన విద్యతోనే లెక్క తేల్చుకున్నాడు. ముడత పోయాక కూడా పెట్టె ఎత్తకపోతే బట్ట మాడుతుంది. అంకె చదునైంది. ఇంక పెట్టె ఎత్తెయ్యాలి.

మూడో ఇంజక్షను రోజున తలదువ్వుకుని ఆస్పత్రి దాకా వెళ్ళాడు. గేటు పక్కన బస్టాపులో రెండు గంటలు కూర్చున్నాడు. తేదీ రాసిచ్చిన చీటీని పిడికిట్లో నలిపి జేబులో కుక్కుకుని ఇంటికొచ్చాడు.

"ఇంజక్షను నొప్పి పుట్టిందా?" అంది భార్య.

"పుట్టింది," అన్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఓ సాయంత్రం లాయరు చొక్కా పట్టుకుని దుకాణంలోకి దూసుకొచ్చాడు. "ఏమయ్యా, ఇస్త్రీ చేశావా, జోకొట్టావా? జడ్జిగారు నా వాదన వినడం మానేసి నా కాలరు వంక చూస్తారేం?"

"చేతికి కాస్త నలతగా ఉంది బాబూ. మళ్ళీ చేసిస్తాను."

లాయరు వెళ్ళాక భార్య సూది పక్కనపెట్టి లేచొచ్చింది. మడతయ్య అరచేతిని తన చేతిలోకి తీసుకుంది. గోరువెచ్చగా, మామూలు చెయ్యిలా ఉంది.

"ఇంజక్షను ఎగ్గొట్టావు కదూ?"

"నీకెవరు చెప్పారే?"

"నీ చెయ్యే చెప్పింది. ఆ సెగ పనితనం అనుకున్నావా పిచ్చి మొగుడా? ఇంజక్షనుది! మగ హార్మోను ఆగితే నీకు ఆవిర్లు. ఇప్పుడు ఆవిర్లు పోయాయంటే అది మళ్ళీ ఊరుతోంది. లోపలున్నదానికి విందు పెడుతున్నావు."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"నాకు నెలసరి ఆగినప్పుడు ఐదేళ్ళు ఈ ఆవిర్లే రాలేదూ? ఆడ హార్మోను ఆగిన సెగ. ఆ ఐదేళ్ళూ దుప్పట్లన్నీ నేనే కదా చేశాను. నేను ఇస్త్రీపెట్టె పట్టుకోవడం ఒక్కనాడైనా చూశావా?"

మడతయ్య ఆ రోజుల్ని నెమరేసుకున్నాడు. దుప్పట్లు గుర్తున్నాయి. గాజుపలకల్లా ఉండేవి. పెట్టె మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. మగాడి ఒంట్లో సెగ పుడితే పనితనం, ఆడదాని ఒంట్లో పుడితే వయసు. ఐదేళ్ళు పక్కనే నిలబడి, ఉక్కపోస్తోందేమిటని కిటికీ తెరిచాడంతే.

"నడుం నొప్పుందా?" ఆవిడ గొంతు తగ్గింది.

"వారం నుంచీ," అన్నాడు, అబద్ధమాడే ఓపిక లేక.

జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. అరచేత్తో నాలుగుసార్లు రుద్దాడు. ఒక్క ముడతా పోలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆస్పత్రిలో ఉన్నారు. అంకె నాలుగైంది. డాక్టరమ్మ కేకలెయ్యలేదు, అందుకే ఎక్కువ భయమేసింది. "నేను చూసి ఆపమంటే అదొక లెక్క, మీకు మీరే ఆపితే ఇంకో లెక్క," అంది. "పడుకున్నది లేచి తిండి వెతుక్కుంటోంది. ఇంకా మన మాట వింటుందో లేదో చూడాలి. ఇంకో నెల ఆగి వచ్చుంటే ఏమనేదాన్నో నాకే తెలియదు."

మళ్ళీ మాత్రలు, మళ్ళీ ఇంజక్షను. అంకె మూడైంది, ఒకటిన్నరైంది. మూడో నెలకి సున్నా పాయింటు మూడు.

ఆ అంకె రాసిన చీటీ చేత్తో పట్టుకుని దుకాణానికొచ్చి కూర్చున్నాడు మడతయ్య. ఛాతీలోంచి వేడి లేచింది. లాయరు చొక్కా అందుకోబోయి ఆగాడు. ఎదురుగా భార్య బొత్తాలు కుడుతోంది. ఆవిడ చీర మీద కట్టుకున్న ఏప్రన్ పాత చీటీకన్నా ఘోరంగా నలిగి ఉంది.

"అదిలా ఇవ్వు."

"దీన్నా? దీన్ని ఎవరు చూస్తారు?"

"నేను చూస్తున్నా కదటే."

ఆవిడ ముడి విప్పి ఇచ్చింది. మడతయ్య దాన్ని బల్ల మీద పరిచి అరచెయ్యి ఆనించాడు. ముడతలు చాలా పాతవి. ఒక్కోదాని మీద రెండేసి సార్లు లాగాల్సొచ్చింది. చెమట కళ్ళలోకి దిగింది, లేకపోతే అది ఏడుపే అయ్యుండాలి. ఈ రోజుల్లో అతనికి ఆ తేడా తెలియట్లేదు.

"ఇంతకీ అది చచ్చిందంటావా, పడుకుందంటావా?"

"పడుకుంది," అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ. "లేపకు."