గాటు లేని కొడవళ్ళు

బావ మొదటి దెబ్బ చెంప మీద వేశాడు. రెండోది డొక్కలో పడింది. చిన్నోడు బొగ్గుల కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు.

"గాటు పడకుండానే పెట్టెలు కట్టిస్తావురా? నాకు తెలీకుండా?"

ఆ కొలిమిలో తయారైన ప్రతి కొడవలినీ వెన్ను తగిలేలా దాగలికేసి, ఆ ఇనుప దిమ్మ మీద, ఒక్క వేటు వేస్తారు. విరిగితే పాత ఇనుములో కలుస్తుంది. నిలిస్తే వెన్ను మీద చిన్న గాటు మిగులుతుంది. చుట్టుపక్కల రైతులు ఆ గాటును వేలితో తడిమి చూసుకుని గానీ కొనరు. సరిహద్దు అవతల ఆ గాటే కొంప ముంచింది. ఎవరో వాడి పారేసిన సరుకని అక్కడివాళ్ళు పెట్టెలన్నీ తిప్పి పంపేశారు. గాటు లేకుండా పంపితే సరే, లేదంటే పొత్తు ఇంతటితో చెల్లు అని అవతలి భాగస్తుడు కబురు పెట్టాడు. చిన్నోడు ఒప్పుకున్నాడు. బావకు చెప్పలేదు. సరుకు తీసుకెళ్ళడానికి బండితో సహా వచ్చిన ఆ భాగస్తుడు, పొడుగాయన, ఇప్పుడు గుమ్మంలోనే కొయ్యబారి నిలబడ్డాడు.

చిన్నోడు నోట్లో నెత్తురు ఉమ్మి లేచాడు. "పరాయివాడి ముందు పరువు తియ్యకు బావా. నీ దాగలి దాటితే లోకం లేదనుకున్నావా?"

"ఇది మా మామ పెట్టిన పద్ధతి. అసలు నువ్వు ఆయనకే పుట్టావా?"

"పుట్టాను కాబట్టే కొలిమి నాది. నువ్వు మా అక్కని చేసుకుని వచ్చి చేరినోడివి."

బావ ఒక్క తన్నుతో పెట్టె బద్దలుకొట్టాడు. చేతికందిన కొడవలి లాగి దాగలి మీదికి ఎత్తాడు. ఒక్క గాటు పడినా పొడుగాయన వెనక్కి తిరుగుతాడని చిన్నోడు అడ్డం ఉరికాడు. కొడవలి దాగలికి తగిలి ఫెళ్ళున విరిగింది. ఎగిరిన ముక్క అతని కుడి అరచేతిని నిలువునా చీల్చింది.

అరుస్తూనే చిన్నోడు ఎడమ చేత్తో కొలిమిలోని పట్టకారు లాగి, ఎర్రగా కాలిన కొసను బావ ఎడమ భుజానికి అదిమాడు. చొక్కా, చర్మం కలిసి మాడిన కంపు లేచింది. పొడుగాయన ఇద్దరి మధ్యా దూరి చిన్నోణ్ణి గోడకు నెట్టాడు. తన మెడలోని గుడ్డ విప్పి అతని చేతికి బిగించి కట్టాడు. తర్వాత విరిగిన ముక్కను వంగి తీసుకున్నాడు.

"ఇది మా రైతు చేతిలో విరిగుంటే నన్ను బజార్లో నరికేసేవాళ్ళు," అన్నాడు. "ఆ గాటెందుకో మావాళ్ళకి తెలీదు. నాకూ ఇప్పుడే తెలిసింది. ఇక్కడ కొట్టకండి. మా దుకాణంలో, కొనేవాడి కళ్ళముందు కొట్టండి. నిలిచిందే అమ్ముతా."

"అంత దూరం వచ్చి కొట్టేదెవడు?" బావ పళ్ళ బిగువున అడిగాడు.

"మీలో కుడిచెయ్యి మిగిలినోడు."

బావ అప్పుడు చూశాడు ఆ చేతిని. గుడ్డ తడిసి, నెత్తురు మోచేతి దాకా కారుతోంది. "ఒరేయ్... ముందు ఆసుపత్రికి పదరా," అంటూ దగ్గరికి రాబోయాడు.

"ముట్టుకోకు." చిన్నోడు పట్టకారు ఇంకా వదల్లేదు. "నన్ను పనివాళ్ళు తీసుకెళ్తారు. నువ్వు ఆయన బండెక్కు బావా. అమ్ముకో, కొట్టుకో, నీ ఇష్టం. ఇక్కడే ఉన్నావంటే మా అక్క ముండమోస్తుంది."

బావ కాలిన భుజం పట్టుకుని బండి వైపు నడిచాడు.