తేలు కొండి

…కాల్చడం కాదు. కాలిస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది, మనిషి కాసేపు ఏడ్చి ఊరుకుంటాడు. కత్తిరించాలి. అతని కళ్ళ ముందే, మా అమ్మ కత్తెరతో, నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా, తొందర లేకుండా. ఒక పట్టీ తెగాక ఆగి అతని ముఖం చూడాలి. ఆ తర్వాతే రెండోది.

పొద్దున లేచినప్పటి నుంచి ఇదే ఆలోచన. గంగాళం కింద పొయ్యి ముట్టిస్తూ ఇదే, మరుగుతున్న రంగులో ఉప్పు వేస్తూ ఇదే. నూలు ముంచాల్సిన సమయం దాటిపోయింది. ఇవాళ ఎరుపు సరిగా పట్టదు. పట్టకపోనీ. పదకొండు గంటలకు సారంగపాణి వస్తానన్నాడు, డబ్బా తెస్తానన్నాడు. ఎవరూ లాక్కురాకుండా, తన కాళ్ళతో తానే, నా ఇంటికి, నా చాప మీదికి, నా కత్తెర పక్కకి.

ఆ డబ్బాలో ఏముందని అడిగితే ఇవాళ్టికీ నాకు నవ్వొస్తుంది. ఆట. 1984లో మా శకుంతలక్క భర్త మస్కట్ నుంచి ఒక వీడియో గేమ్ తెచ్చాడు. టీవీకి తగిలించే నల్లటి పెట్టె, దాని నోట్లో దూర్చే ప్లాస్టిక్ క్యాసెట్లు ఆరు, ఒక్కో క్యాసెట్‌కూ ఒక్కో అట్ట డబ్బా. అప్పటికే అవి పాతబడిన ఆటలట. చేసిన కంపెనీ మూతపడిందట, అందుకని దుకాణంవాడు ఆరూ కలిపి అంటగట్టాడట. మా కొత్తవాడలో మగ్గాలు ఆపి మరీ వచ్చి చూశారు. పేర్లు ఇంగ్లీషులో ఉంటే మేం పెట్టుకున్న పేర్లు వేరు: ట్యాంకుల ఆట, గోడల ఆట, తేళ్ళ ఆట.

తేళ్ళ ఆట డబ్బా మీద నారింజరంగు ఆకాశం, ఇసుక, దాని మీద మనిషంత నల్లటి తేలు. తోక పైకి లేచి, డబ్బా అంచు దాటి, మూత మీదికి వంగి ఉంటుంది. కొండి సరిగ్గా మూత మధ్యలో, కొసన ఒక తెల్లటి మెరుపు. క్యాసెట్ పెట్టి టీవీ వేస్తే మాత్రం తెర మీద ఐదు చుక్కలు అటూ ఇటూ కదులుతాయి. వాటిని తేళ్ళనుకోవాలంటే డబ్బా ఎదురుగా ఉండాలి. అది లేకపోతే అవి చుక్కలే.

డబ్బాలు వారం కూడా నిలవలేదు. బావను కాజీపేటలో రైలెక్కించి నేను తిరిగొచ్చేసరికి మా అమ్మ ఆరింటినీ కత్తిరించి పెట్టింది.

మాది రంగులు వేసే ఇల్లు. జంపఖానాలు నేయించే సేట్లు వచ్చి నూలుకు రంగు ఎంచుకోవడానికి అట్టముక్కల మీద దారాలు చుట్టి చూపిస్తాం. అమ్మకు చదువు రాదు. ఆమెకు ఆ అట్టలే పుస్తకం. ఒక ముంపుకు వచ్చిన ఎరుపు మొదటి గాట్లో, రెండు ముంపులకు వచ్చింది రెండో గాట్లో, అలా పన్నెండు దాకా. ఏ రంగు ఎట్లా వచ్చిందో వరుస చూసి చెప్పేది. దానికి గట్టి అట్ట కావాలి, లోపలివైపు తెల్లగా ఉండాలి, తెలుపు మీదైతే రంగు మోసం చెయ్యదు. అలాంటి అట్ట మా ఇంట్లోకి అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. ఆమె సంతోషం ఇప్పుడు ఊహించగలను. క్యాసెట్లు ఆరూ జాగ్రత్తగా గుడ్డలో మూటకట్టి ఉంచింది కూడా.

సారంగపాణిది హనుమకొండ చౌరస్తాలో రేడియో, టీవీ రిపేరు దుకాణం. మా టీవీ అతని దగ్గర కొన్నదే. నా క్యాసెట్లు చూశాక అతనికి పిచ్చి పట్టింది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాడు, డోర్నకల్ దాకా పోయాడు, నలభై క్యాసెట్లు పోగేశాడు, అన్నీ డబ్బాలతో. దుకాణంలో అద్దాల బీరువా చేయించి డబ్బాలు నిలబెట్టాడు. లోపలి క్యాసెట్‌తో ఆడగా నేనెప్పుడూ చూడలేదు. నా ఆరింటినీ ఆ బీరువాలో పెట్టమని ఒకసారి అడిగాను. చేతిలోకి తీసుకొని తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. "డబ్బా లేని క్యాసెట్ అంటే అంగీ లేకుండ బజార్ల నిలబడ్డట్టు. నాకొద్దు తమ్మీ" అన్నాడు.

దానికి నేను పగపట్టలేదు. మాట్లాడుకుంటే అందులో న్యాయం ఉందనిపించేది. ఆడేవాడికి డబ్బాతో పనిలేదు, దాచేవాడికి డబ్బాయే కావాలి, ఎందుకంటే దాచేది ఆటను కాదు, అది మొదటిసారి చేతికొచ్చిన రోజును. విప్పని రోజును. ఇది నాకు అర్థమయ్యేది.

పగ వేరే చోట మొదలైంది. 1985లో ఒక మధ్యాహ్నం ఇదే చాప మీద కూర్చొని, అట్టకు దారం చుడుతున్న మా అమ్మను చూసి నవ్వుతూ అన్నాడు: "ఏం చిలుకమ్మవ్వా, నీకు అట్టకు, చెత్తకు ఫరక్ తెల్వదు."

అమ్మ చెయ్యి ఆగింది. అతని వైపు కాదు, నా వైపు చూసింది. నేను కొడుకుగా ఏదైనా అనాల్సింది.

ఆ రోజుతో అట్టలు మానేసింది. దారాలు చీపురు పుల్లలకు చుట్టేది. సేట్లు విసుక్కునేవాళ్ళు. ఇంట్లోకి సబ్బు వచ్చినా, అగరుబత్తీలు వచ్చినా ఖాళీ డబ్బా చేతిలో పట్టుకొని నా దగ్గరికి వచ్చేది. "ఇది ఉంచాల్నా బిడ్డా, పారెయ్యాల్నా?" గూట్లో ఖాళీ డబ్బాలు పేరుకుపోయాయి. పోయినేడు దవాఖానలో, మాట సరిగా రాని రోజుల్లో కూడా, నర్సు మందు డబ్బాను బుట్టలో వేయబోతే చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా, మా వాడు కోపం చేస్తడు."

మూడో రోజుకు పోయింది.

దహనం నుంచి తిరిగివచ్చేటప్పుడు నేను ఏడవలేదు. సారంగపాణి బీరువా గురించి ఆలోచించాను. అద్దం ఏ రాయికి పగులుతుంది, ఏ డబ్బాను ముందు తియ్యాలి. అప్పటి నుంచి ఈ పదిహేను నెలలూ అదే నాకు తోడు. నిద్ర పట్టకపోతే అతని డబ్బాలను ఒక్కొక్కటే తడిపేవాణ్ణి, చింపేవాణ్ణి, లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. అమ్మ ముఖం గుర్తు చేసుకోవడం కన్నా అతని ముఖం గుర్తు చేసుకోవడం సులువుగా ఉండేది.

పోయిన వారం తనే వచ్చాడు. హైదరాబాద్‌లో ఎవరో ఇలాంటివి దాచేవాళ్ళంతా కలిసి ప్రదర్శన పెడుతున్నారట. అన్నీ పూర్తిగా ఉన్నవాళ్ళకే బల్ల ఇస్తారట. అతని తేళ్ళ ఆట డబ్బాకు పైమూత లేదు, కొన్ననాడే చిరిగి ఉంది.

"మీ ఇంట్ల గదే ఆట ఉండె గదనే. పెద్దామె కోసిన ముక్కలల్ల ఆ మూత ఉంటది సూడు. కాళ్ళు మొక్కుత ఎల్లస్వామీ."

చెత్త అన్న అట్ట కోసం, అన్నవాడే వచ్చి కాళ్ళు మొక్కుతానంటున్నాడు. అప్పుడు నాకు కలిగినదాన్ని సంతోషమనే అనాలి.

"వెతుకుత. నువ్వు డబ్బా తీస్కరా, కలుస్తదో లేదో సూద్దాం" అన్నాను.

నిన్న అమ్మ సందుగ తెరిచాను. అడుగున అట్టల కట్ట. ఎరుపుల అట్టను వెలుగులో తిప్పి చూస్తే, దారానికీ దారానికీ మధ్య నారింజరంగు, నల్లటి గీత, ఒక తెల్లటి మెరుపు. కొండి. మూతను ముక్కలు చెయ్యకుండా అలాగే వాడింది, సరిపోయిన కొలత అని. దానితో పాటు కత్తెర కూడా బయటికి తీసి చాప పక్కన పెట్టాను.

స్కూటర్ చప్పుడైంది.

"ఏందే, ఇంక పొయ్యి కాడనే ఉన్నవా?" అంటూ సారంగపాణి లోపలికి వచ్చాడు. మోచేతుల దాకా ఎర్రగా ఉన్న నా చేతులు చూసి నవ్వాడు. "ఎవన్నో పొడిచి వచ్చినట్టున్నవ్!"

"ఇంకా పొడవలేదన్నా" అన్నాను.

చాప మీద కూర్చొని చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. సంచిలోంచి తువ్వాల, తువ్వాలలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి డబ్బా. పసిపిల్ల మీద దుప్పటి తీసినట్టు తీశాడు. నారింజ ఆకాశం, ఇసుక, తేలు. తోక డబ్బా అంచు దాకా వచ్చి తెగిపోయింది. కొండి లేని తేలు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. కత్తెర ఇంకా దగ్గరగా ఉంది.

అట్ట అతని చేతిలో పెట్టాను. వెలుగుకు తిప్పి చూసి, "అబ్బ! గిదే! గిదేనే!" అన్నాడు. "గాట్లున్నా ఫికర్ లేదు, గుజ్జు పెట్టి నింపుకుంట. గీ దారాలు తీసేస్తే అయిపాయె." అంటూనే గోటితో చివరి దారం కొస పట్టి లాగాడు. పన్నెండో ఎరుపు. ఒక చుట్టు, రెండు చుట్లు. దారం వంకీలు తిరిగి చాప మీద పడింది. అమ్మ అట్టలు మానేసిన ఈ మూడేళ్ళుగా నాకు చేతకాని ఎరుపు అది.

ఇదే సమయం. అయితే ముందు అతను వినాలి.

"మూడేండ్ల కింద గీ చాప మీదనే కూసోని మా అమ్మను ఒక మాటంటివి. యాదికున్నదా?"

"ఏం మాట?"

"అట్టకు, చెత్తకు ఫరక్ తెల్వదని."

అతని వేళ్ళు ఆగాయి. దొరికిపోయినవాడి ముఖం కోసం ఎదురుచూశాను. అది రాలేదు. నిజంగా తెలియనివాడిలా నన్ను చూశాడు.

"గది నా మాటనా? నీ మాటనే గదనే! మీ బావను రైలెక్కిచ్చిన తెల్లారి మా దుకాన్ల కూసోని నువ్వే చెప్పలేదా? 'మా అమ్మకు అట్టకు, చెత్తకు ఫరక్ తెల్వదు, మొఖం మీదనే అన్న, నిన్నటి సంది ఆమె చేతి బువ్వ తింటలేను' అని. చాయ్ తెచ్చిన గట్టయ్య సుత ఇని నవ్విండు. నేను గదే మాట తమాషకన్న. పెద్దామె నవ్వుతదనుకున్న."

గంగాళంలో నీళ్ళు ఉడుకుతున్న చప్పుడు. పక్కింట్లో మగ్గం.

సాసర్ గుర్తొచ్చింది. అంచు పగిలిన సాసర్‌లో చాయ్ ఒలికించుకొని తాగుతూ ఆ మాట చెప్పాను. బాగా చెప్పాను, వాళ్ళు నవ్వేలా. దానికి ముందు రోజు వాకిట్లో నిలబడి ఇంకా గట్టిగా చెప్పాను, చేతిలో కంచంతో ఎదురుగా అమ్మ నిలబడి ఉండగా. ఆమె కంచం గడప మీద పెట్టి లోపలికి పోయింది. ఏడాది తర్వాత ఇతను అదే మాట అన్నప్పుడు ఆమె ఇతని వైపు ఎందుకు చూస్తుంది? ఎవరి మాటో ఆమెకు తెలుసు. కోపం చేసే వాడు ఎవరో నర్సుకు కూడా చెప్పింది.

ఇది నాకు తెలియదా? సాసర్ అంచు ఎక్కడ పగిలిందో గుర్తున్నవాడికి ఇది గుర్తు లేకుండా ఉంటుందా?

అప్పటికన్నా ఇప్పుడే అతన్ని ఎక్కువ ద్వేషించాను. డబ్బాను అక్కడికక్కడే ముక్కలు చెయ్యాలనిపించింది, పదిహేను నెలలు నాతో ఉన్నదాన్ని రెండు వాక్యాల్లో తీసుకుపోయినందుకు. కత్తెర మీద చెయ్యి వేశాను కూడా. ఇనుము చల్లగా ఉంది. పిడికి అమ్మ చుట్టిన గుడ్డపీలిక ఇంకా ఉంది.

"ఆఁ, కత్తెర తియ్యి, మంచిగైంది. దారం కోస్తే జల్దిన ఊడుతది" అన్నాడు సారంగపాణి.

కత్తెర వదిలేశాను. అతని చేతిలోంచి అట్ట తీసుకున్నాను.

"జర పైలం, చినుగుతది!"

డబ్బాను ప్లాస్టిక్ కవరులో పెట్టి, తువ్వాలలో చుట్టి అతని ఒడిలో పెట్టాను. చిన్న గీత కూడా పడకుండా పెట్టాను. తర్వాత చాప మీద పడి ఉన్న దారం కొస వెతికి పట్టుకున్నాను.

"ఏం చేస్తాన్నవే? ఎల్లా? ఆదివారం పోవాలె నేను. కావాల్నంటె నా బీరువల నీ ఆరు క్యాసెట్లు ముందట పెడ్త. డబ్బాల్లేకున్నా పెడ్త! ఇంటున్నవా?"

విన్నాను. దారాన్ని పన్నెండో గాట్లో ఆనించి, ఒక చుట్టు తిప్పాను. వదులైంది, విప్పి మళ్ళీ తిప్పాను. రెండో చుట్టుకు తెల్లటి మెరుపు దారం కిందికి పోయింది. కొస నోట్లో తడిపి, అమ్మ చేసినట్టు, దారం కిందినుంచి దూర్చి ముడి వేశాను.